ముందు ఏం వింటారో తేల్చుకోండి, తర్వాత డబ్బా కొందాం

యూట్యూబ్‌లో ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. అమెరికాలో ఎవరో బల్లమీద చిన్న డబ్బా పెట్టుకుని ఊళ్లోని పోలీసులు, ఫైరింజన్లు, అంబులెన్సులు మాట్లాడుకునేవన్నీ ఒకదాని వెంట ఒకటి వింటుంటాడు. డిజిటల్ ట్రంకింగ్ స్కానర్ అంటాడు. చూసింది చిలకలూరిపేటలోనో, పర్చూరులోనో, ఒంగోలు హాస్టల్ గదిలోనో గానీ ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ధరలు వెతికారు. కళ్లు తిరిగాయి. మర్నాడు చవక రకం వెతికారు. ఇప్పుడు కార్టులో మూడు వస్తువులున్నాయి, ఏది నొక్కాలో తెలియడం లేదు. అవునా?

కాసేపు ఏదీ నొక్కకండి. ఈ సరదా మొదలుపెట్టేవాళ్లు డబ్బు పోగొట్టుకునేది నాసిరకం కొన్నందుకు కాదు, తమకు పనికిరానిది కొన్నందుకు. ఏం వినాలో తేలకముందే డబ్బా ఇంటికొస్తుంది. నెల తిరక్కుండా అటక ఎక్కుతుంది.

ట్రంకింగ్ గురించి రెండు ముక్కల్లో చెప్తాను. గుంటూరు మిర్చి యార్డుకు లారీ వచ్చిందనుకోండి. ఎవరికీ సొంత చోటు ఉండదు, గేటు దగ్గర మనిషి ఏది ఖాళీగా ఉంటే అటు పంపుతాడు. ట్రంకింగ్‌లోనూ అంతే. కంట్రోల్ చానెల్ అనే గేటు మనిషి మాట మాటకీ ఖాళీగా ఉన్న చానెల్ కేటాయిస్తుంటాడు. కాబట్టి వినేవాడు ఒక్క ఫ్రీక్వెన్సీ మీద కూర్చుంటే సగం మాటే వినపడుతుంది. మామూలు వాకీటాకీతో ఇది పట్టుబడదు. అమెరికాలో దీనికి పీ25 పద్ధతి, యూరప్‌లో, మన దేశంలో మెట్రో రైళ్ల లాంటి చోట్ల టెట్రా పద్ధతి ఎక్కువ. సిద్ధాంతం ఇంతకంటే వద్దు.

ఇక అసలు ప్రశ్న. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కూర్చుని మీరు వీటిని వినొచ్చా?

వినకూడదు. మెత్తగా చెప్పే మాట కాదు కనక సూటిగానే చెప్తున్నా. మన దేశంలో పోలీసు, భద్రతా దళాల సంభాషణ మామూలు పౌరుడు వినడానికి చట్టం ఒప్పుకోదు. 2023 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఒకరి సందేశాన్ని అక్రమంగా అడ్డగించి వింటే మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. ‘నేను ఊరికే వింటున్నానంతే, ఎవరికీ చెప్పను’ అన్న వాదన స్టేషన్లో పనిచేస్తుందని నమ్మకండి. పైగా ఇలాంటి నెట్‌వర్కుల్లో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. అది ఉంటే లక్ష పెట్టి కొన్నా వినపడేది గరగర శబ్దమే.

ఇక్కడే సూట్‌కేస్ సంగతి చెప్పాలి. మనవైపు ప్రతి పెద్ద ఊళ్లోనూ డల్లాస్‌లోనో అట్లాంటాలోనో పిల్లలున్న ఇళ్లున్నాయి. ‘అన్నయ్య సంక్రాంతికి వస్తున్నాడు, యూనిడెన్ స్కానర్ ఒకటి తెమ్మందాం’ అనే ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. అందులో ఎస్‌డీఎస్100 మోడల్ ఏడు వందల డాలర్ల దాకా పలుకుతుంది. అక్కడ అది నిజంగానే మంచి సరుకు. 1986 నాటి అమెరికా చట్టం ప్రకారం ఎన్‌క్రిప్షన్ లేని పోలీసు రేడియో వినడం మామూలుగా తప్పు కాదు. అయినా కొన్ని రాష్ట్రాల్లో కారులో పెట్టుకుని తిరగడానికి ఆంక్షలున్నాయి. అదే డబ్బా శంషాబాద్‌లో దిగితే సంగతి వేరు. ఇక్కడ రేడియో పరికరం దిగుమతికీ, దగ్గర ఉంచుకోవడానికీ అనుమతి కావాలి. అన్నయ్యను కస్టమ్స్ కౌంటర్ దగ్గర నిలబెట్టకండి. అతను అక్కడే వినాలనుకుంటే మాత్రం ఏడు వందలు వద్దని చెప్పండి. రెండు చవక యూఎస్‌బీ రేడియో డాంగిళ్లు (వాటి సంగతి కింద మూడో అంగలో), ఇంట్లో ఉన్న లాప్‌టాప్, ఎస్‌డీఆర్‌ట్రంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వంద డాలర్ల లోపు పని జరుగుతుంది. ముందు తన ఊరి పోలీసులు ఎన్‌క్రిప్షన్‌లోకి మారారో లేదో మాత్రం చూసుకోమనండి. డెన్వర్ 2019లోనే మూసేసింది, న్యూయార్క్ పోలీసులు 2023లో మొదలుపెట్టారు.

మరి మన మైదానంలో ఉన్నవాళ్లకు ఏం మిగిలింది? నిరాశ పడకండి, చాలానే ఉంది. 137 మెగాహెర్ట్జ్ దగ్గర రష్యా వాతావరణ ఉపగ్రహాలు మీటియర్-ఎం2-3, ఎం2-4 మన నెత్తిమీదుగా పోతూ డిజిటల్ చిత్రాలు పంపుతుంటాయి. తుపాను రోజుల్లో బంగాళాఖాతం మీది మేఘాన్ని మీ డాబా మీదే దించుకోవచ్చు. అమెరికా వాళ్ల నోవా పాత ఉపగ్రహాలు 2025లో పని ఆపేశాయి కనక, వాటి గురించి చెప్పే పాత వీడియోలు చూసి కూర్చోకండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్‌లో అప్పుడప్పుడు చిత్రాలు పంపుతుంది, బడి పిల్లలతో వ్యోమగాములు మాట్లాడేదీ దానిమీదే. 144 నుంచి 146, 434 నుంచి 438 మెగాహెర్ట్జ్‌లలో మన హ్యామ్‌లు, అంటే లైసెన్సున్న అమెచ్యూర్ రేడియోవాళ్లు, ఉంటారు. వాళ్లలో కొందరు డీఎంఆర్ అనే డిజిటల్ పద్ధతి వాడతారు, ట్రంకింగ్‌లో లాగే ఒక్కో బృందం విడిగా మాట్లాడుకునే టాక్‌గ్రూపులు అందులోనూ ఉన్నాయి. ఇవి కాక ఆకాశవాణి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1 నుంచి ఉంది, 837 కిలోహెర్ట్జ్. మీ నాయనమ్మకు తెలిసిన కేంద్రమే.

ఇక అంగలు. వరస మార్చకండి. కొనడం తేలికని దానితో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ.

1. మొదటి నెల రూపాయి ఖర్చు పెట్టకండి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వాళ్ల వెబ్ఎస్‌డీఆర్ 2008 నుంచి నడుస్తోంది. ఫోన్ బ్రౌజర్‌లో తెరిస్తే 29 మెగాహెర్ట్జ్ దాకా వినొచ్చు. సిగ్నళ్లను తెరమీద రంగుల్లో చూపే వాటర్‌ఫాల్ చిత్రం చదవడం, ఏఎం, ఎఫ్ఎం, సైడ్‌బ్యాండ్ తేడా చెవికి పట్టడం అన్నీ అక్కడే నేర్చుకోండి. నెలాఖరుకి విసుగొచ్చిందా? మంచిదే, నాలుగు వేలు మిగిలాయి.

2. లైసెన్స్ పరీక్షకు దరఖాస్తు పెట్టండి. వినడానికి లైసెన్స్ ఎందుకంటారా? కొత్త చట్టం రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడానికే అనుమతో, మినహాయింపో ఉండాలంటోంది. హ్యామ్ లైసెన్స్ చేతిలో ఉంటే మీరెవరో, డాబా మీద ఆ కడ్డీలేమిటో చెప్పుకోవడానికి ఒక కాగితం ఉంటుంది. పన్నెండేళ్లు నిండితే చాలు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ అక్కర్లేదు, జనరల్ గ్రేడ్‌కి నిమిషానికి ఎనిమిది మాటల వేగం కావాలి. కేంద్ర టెలికం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. రెస్ట్రిక్టెడ్ పాసైతే వీయూ3తో, జనరల్ అయితే వీయూ2తో మొదలయ్యే పిలుపుపేరు వస్తుంది.

దీన్ని కాగితం పని అనుకుని దాటేసేవాళ్లకు ఒక్కమాట. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు గుర్తుందా? చేలో మిర్చి, పత్తి తడిసి ముద్దయ్యాయి. కరెంటు పోయిన ఊళ్లలో ఫోన్లు చార్జింగ్ పెట్టుకునే దిక్కు లేదు. సెల్ టవర్‌తో పని లేకుండా మాట చేరవేసేవాళ్లు హ్యామ్‌లు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు హ్యామ్ యాత్ర మీద అండమాన్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటికి కబుర్లు పంపింది. ఆ యాత్ర వేసింది హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోనే.

3. ఇప్పుడు డాంగిల్. పెన్‌డ్రైవ్ సైజులో ఉంటుంది. పుట్టింది యూరప్ టీవీ చూడటానికి. దాని లోపలి ఆర్‌టీఎల్2832యూ చిప్‌ను రేడియోగా వాడుకోవచ్చని 2012లో ఆంటీ పలోసారి అనే ఫిన్లాండ్ ఇంజినీరు బయటపెట్టడంతో ఈ సరదా బాగా చవకైంది. ‘టీవీ కూడా వస్తుంది’ అని అమ్మకందారు చెప్తే నవ్వి ఊరుకోండి. మన దూరదర్శన్ డిజిటల్ పద్ధతి వేరు, ఇందులో రాదు.

మామూలు రకం రెండు వేల అటూఇటూ, మంచి రకం నాలుగైదు వేలు. ధరలు నెలనెలా మారతాయి, తేడా మాత్రం ఈ దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ రెండున్నర వేలు ఎందుకు పెట్టాలి? లెక్క కట్టి చూద్దాం. చవక డాంగిల్‌లోని స్ఫటికం 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) దాకా తప్పు చూపడం మామూలే. 435 మెగాహెర్ట్జ్ దగ్గర 50 పీపీఎం అంటే దాదాపు 22 కిలోహెర్ట్జ్. డీఎంఆర్ చానెల్ మొత్తం వెడల్పే పన్నెండున్నర. అంటే మీరు తలుపు తట్టింది పక్కింటిది. పైగా డాంగిల్ వేడెక్కేకొద్దీ ఆ తప్పు జరుగుతూ పోతుంది. మే నెలలో రెంటచింతల వైపు గదిలో అది ఎంత వేడెక్కుతుందో నేను చెప్పక్కర్లేదు. మంచి రకంలో టీసీఎక్స్ఓ అనే స్థిరమైన స్ఫటికం ఉంటుంది, తప్పు ఒకటి రెండు పీపీఎం లోపే. లోహపు పెట్టె, ఎస్ఎంఏ కనెక్టరు కూడా చూసి తీసుకోండి. ఎఫ్ఎం మాత్రమే వింటానంటే మాత్రం చవకదే చాలు, దానికి నాలుగు వేలు దండగ.

ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వాళ్ల వీ4 కొంటే దాని కొత్త డ్రైవర్ వేసుకోవాలి. పాత సాఫ్ట్‌వేర్‌తో పెట్టి ‘చచ్చిన సరుకు పంపాడు’ అని వాపస్ చేసేవాళ్లు చాలామంది. షార్ట్‌వేవ్, మీడియం వేవ్ కూడా అందులో బాగా వస్తాయి. నకిలీలు ఉన్నాయి, అమ్మేవాడి రివ్యూలు చదవండి. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో తిరిగి చూడండి. కొన్నా కొనకపోయినా కనెక్టర్లు, అడాప్టర్లు అక్కడ చవకగా దొరుకుతాయి.

4. యాంటెనా. అసలు డబ్బు, శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. ఐదు వేల డాంగిల్ తెచ్చి, దాంతో వచ్చిన బెత్తెడు కడ్డీని కిటికీ ఊచకు అంటించి ‘ఏమీ రావడం లేదు’ అనేవాళ్లే నూటికి తొంభై. రెండు వేల డాంగిల్‌కి డాబా మీద సరైన యాంటెనా ఉంటే అదే గెలుస్తుంది.

మన దగ్గర ఒక వరం ఉంది, నేల బల్లపరుపు. పది మీటర్ల ఎత్తున యాంటెనా ఉంటే రేడియో దిగంతం దాదాపు 13 కిలోమీటర్లు. అవతలివాడూ అంతే ఎత్తులో ఉంటే 26. కోటప్పకొండ, కొండవీడు పక్కన ఉన్నవాళ్లకు మాత్రం ఆ దిక్కు మూసుకుపోతుంది.

ఉపగ్రహం కోసం వీ ఆకారపు డైపోల్ చాలు. అల్యూమినియం కడ్డీలు రెండు, ఒక్కోటి 53.4 సెంటీమీటర్లు, మధ్య కోణం 120 డిగ్రీలు. నేలకు సమాంతరంగా, వీ నోరు ఉత్తరానికో దక్షిణానికో పెట్టి పీవీసీ గొట్టానికి బిగించండి. డ్రిప్ పైపుల్లో మిగిలిన ముక్కలు పనికొస్తాయి. అల్యూమినియం కొట్టువాడు ముక్కలకు వంద రూపాయలు కూడా తీసుకోడు. హ్యామ్‌ల కోసమైతే 49 సెంటీమీటర్ల నిలువు కడ్డీ ఒకటి, కిందికి వాలిన నాలుగు కడ్డీలు. చీరాల, బాపట్ల తీరంలో ఉన్నవాళ్లు జోడింపుల దగ్గర గ్రీజు పూసి టేపు చుట్టాలి, ఉప్పుగాలి ఏడాదిలో కనెక్షన్ తినేస్తుంది.

తీగ సంగతి. ఆన్‌లైన్‌లో ఆర్‌జీ-58 అనే సన్నటి నల్ల తీగ అంటగడతారు. అది పదిహేను మీటర్లు వేస్తే 145 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ శక్తిలో సగం దారిలోనే ఆవిరి. మీ వీధి డిష్ మెకానిక్ దగ్గరుండే ఆర్‌జీ-6 తీగలో నష్టం అందులో సగం కూడా ఉండదు, ధరా తక్కువే. డెబ్బై అయిదు ఓములు కదా అని ఎవరైనా భయపెడితే, వినడానికి ఆ తేడా లెక్కలోకి రాదని చెప్పండి.

5. రొద తగ్గించండి. ఒక చిన్న పరీక్ష చేయండి. లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి, ఇంటి మెయిన్ స్విచ్ ఆపి చూడండి. వాటర్‌ఫాల్ ఒక్కసారి శుభ్రపడిందా? అయితే దోషం మీ ఇంట్లోనే ఉంది. చవక ఎల్ఈడీ బల్బు, ఫోన్ చార్జరు, సోలార్ ఇన్వర్టరు, ఒక్కోటీ వేసుకుంటూ దొంగను పట్టండి. పొలం దగ్గరైతే మోటారు ఆటో స్టార్టరు. డాంగిల్‌ను లాప్‌టాప్‌కు నేరుగా గుచ్చకుండా మీటరు యూఎస్‌బీ పొడిగింపు తీగతో దూరంగా పెడితేనే సగం రొద పోతుంది.

విజయవాడ దగ్గర్లో ఉన్నవాళ్లకు ఇంకో బెడద. ఎఫ్ఎం స్టేషన్ల జోరుకు డాంగిల్ ఉక్కిరిబిక్కిరై, లేనిచోట కూడా పాటలు వినిపిస్తుంది. మిర్చి ఘాటు యార్డులోనే అనుకున్నాం, 98.3 మీద రేడియో మిర్చి ఘాటు 137 మీద కూడా తగలొచ్చు! గెయిన్ తగ్గించి చూడండి. అప్పటికీ తగ్గకపోతేనే ఎఫ్ఎం నాచ్ ఫిల్టర్ కొనండి. ముందే కొనకండి.

6. కంప్యూటరు కొత్తది వద్దు. తమ్ముడు ఇంజినీరింగ్‌లో వాడి పడేసిన ఐ3 లాప్‌టాప్ మీద ఎస్‌డీఆర్ ప్లస్ ప్లస్ హాయిగా నడుస్తుంది. మీటియర్ చిత్రాలకు శాట్‌డంప్. రెండూ ఉచితమే. ఓటీజీ తీగ ఉంటే ఆండ్రాయిడ్ ఫోన్ కూడా చాలు, బ్యాటరీ మాత్రం చకచకా దిగిపోతుంది.

7. వాకీటాకీ ఉచ్చులో పడకండి. కోల్డ్ స్టోరేజీ కాపలాకో, జిన్నింగ్ మిల్లుకో, చీమకుర్తి క్వారీకో పనికొస్తుందని, దానితో పాటు నాలుగు మాటలు వినొచ్చని రెండు వేలకు చైనా హ్యాండ్‌సెట్ తెప్పించుకునేవాళ్లు ఎక్కువ. ‘లైసెన్స్ అక్కర్లేదు’ అని అమ్మకం పేజీలో రాసి ఉంటుంది. మన దేశంలో తక్కువ శక్తి వాకీటాకీకి లైసెన్స్ మినహాయింపు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్యే, అదీ పరికరానికి ఈటీఏ (పరికర రకం ఆమోదం) ధ్రువీకరణ ఉంటేనే. 136 నుంచి 174, 400 నుంచి 520 దాకా ఎక్కడంటే అక్కడ మాట్లాడే సెట్టు ఆ మినహాయింపులోకి రాదు. పొరపాటున బటన్ నొక్కితే మీ మాట పోలీసు చానెల్‌లో పడొచ్చు. ఇలాంటివి ఆన్‌లైన్‌లో అమ్మడం మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలే తెచ్చింది. మిల్లు యజమాని ‘నువ్వే ఏదో ఒకటి తెచ్చెయ్యరా అబ్బాయ్’ అంటే, 446 సెట్టు, ఈటీఏ నంబరు, బిల్లు మూడూ చూపించే కొట్టు పేరు చెప్పండి. అంతకంటే దూరం మాట కావాలంటే లైసెన్స్ తీసుకోవాల్సింది ఆయనే, మీరు కాదు.

ఖర్చు ఎంత తేలింది? డాంగిల్ నాలుగు వేలు, తీగా కనెక్టర్లూ ఏడెనిమిది వందలు, కడ్డీలూ గొట్టమూ రెండు వందలు, యూఎస్‌బీ తీగ రెండు వందలు. ఐదు వేల పైచిల్లర. మూడు వేలే ఉన్నాయా? చవక డాంగిల్ తీసుకోండి, యాంటెనా దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. పదివేలున్నాయా? అయినా ఐదు వేలే పెట్టండి. మిగతాది ఆరు నెలల తర్వాత, మీ చెవికి ఏది ఇష్టమో తెలిశాక. అప్పుడు అది రెండో డాంగిలే కావొచ్చు, హ్యామ్ హ్యాండ్‌సెట్టే కావొచ్చు, యాంటెనా దగ్గర పెట్టే ఆంప్లిఫయరే కావొచ్చు.

మొదటి సాయంత్రం ఏం చేయాలి? మీటియర్ ఎప్పుడు వస్తుందో ఎన్2వైఓ వెబ్‌సైట్‌లో మీ ఊరు పెట్టి చూడండి. ఆకాశంలో 40 డిగ్రీల పైకి ఎక్కే పాస్ ఎంచుకోండి, తక్కువవి తర్వాత చూడొచ్చు. పది పన్నెండు నిమిషాలే ఉంటుంది కనక అరగంట ముందే అన్నీ కలిపి, ఒకసారి ఎఫ్ఎం స్టేషన్ పెట్టి డాంగిల్ బతికే ఉందని నిర్ధారించుకోండి. వాటర్‌ఫాల్‌లో 137.9 దగ్గర బల్లలా చదునుగా, వెడల్పుగా ఒక పట్టీ లేస్తే అదే. మొదటిసారి చిత్రంలో సగం గీతలే వస్తే దిగులు పడకండి, యాంటెనాను పిట్టగోడకు రెండు మీటర్లు దూరం జరిపి మళ్లీ చూడండి.

8. చివరగా ఒక జాగ్రత్త, పిడుగు. ఏప్రిల్, మే సాయంత్రాలు, మళ్లీ తొలకరికి ముందు, మన చేలల్లో పిడుగులు ఎంతమందిని తీసుకుపోతున్నాయో పేపర్లో చూస్తూనే ఉన్నారు. డాబా మీది కడ్డీ మీద దానికేమీ దయ ఉండదు. మబ్బు ముసిరితే డాబా ఎక్కకండి. మబ్బు రాకముందే తీగను డాంగిల్ నుంచి ఊడదీసి, కొసను కిటికీ బయటికి వేసేయండి. కరెంటు తీగలకు దగ్గర్లో గొట్టం ఎప్పుడూ లేపకండి. గొట్టం పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరం ఉందో లేదో కొలిచి చూసుకునే బిగించండి.